ముప్పాతిక పారేసిన సంగీతకారుడు

అనంతపురంలో శాస్త్రీయ సంగీతం గురించి ఎక్కడ మాట మొదలైనా రెండు వర్గాలు తయారవుతాయి. కచేరీల్లో ముందు వరసలో కూర్చునే పెద్దవాళ్లది ఒకటి. కరెంటుతో ధ్వని పుట్టించే సింథసైజర్ వినబడిందంటే చాలు, అది శాస్త్రీయం కాదని వాళ్లు తేల్చేస్తారు. వినాయక మండపాల దగ్గర, పెళ్లి రిసెప్షన్లలో కీబోర్డూ రిథమ్ ప్యాడూ వాయించే కుర్రాళ్లది ఇంకొకటి. త్యాగరాజ కృతి కింద ఒక బీట్ వేసి, వెనక నాలుగు కార్డులు (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) పరిస్తే ఫ్యూజన్ అయిపోయినట్టే వాళ్ల లెక్క. రెండు వైపులా నాకు కావలసినవాళ్లున్నారు. ఇద్దరితోనూ ఏళ్ల తరబడి వాదిస్తున్నాను. ఆ వాదనల్లో నేను మళ్లీ మళ్లీ ముందు పెట్టే పేరు మాక్స్ రిక్టర్.

పెద్దలకు ఆయన పేరు తెలీదు. కుర్రాళ్లకు పేరు తెలీకపోయినా ఆయన సంగీతం తెలుసు, ఏదో ఒక రీల్ వెనకాల విని ఉంటారు. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతాన్నీ ఎలక్ట్రానిక్ ధ్వనినీ కలిపిన స్వరకర్తల్లో ఇవాళ ప్రపంచమంతా బాగా వినబడుతున్నవాళ్లలో ఆయన ఒకడు. ఆయన గురించి రాసేవాళ్లంతా ఏం కలిపాడన్నదే రాస్తారు. నాకు మాత్రం ఆయన గొప్పతనం తీసేయడంలో కనిపిస్తుంది. మా ఊళ్లో రెండు వర్గాల చెవికీ ఎక్కనిది సరిగ్గా అదే.

రిక్టర్ 1966లో హామెలిన్ అనే జర్మన్ పట్టణంలో పుట్టాడు. చిన్నప్పుడే కుటుంబం ఇంగ్లండులోని బెడ్‌ఫర్డ్‌కి వచ్చేసింది. ఒకవైపు పియానో పాఠాలు, ఇంకోవైపు క్రాఫ్ట్‌వెర్క్ అనే జర్మన్ బృందం చేసే ఎలక్ట్రానిక్ సంగీతం మీద పిచ్చి. సొంతంగా సింథసైజర్లు కట్టుకోవడానికి తంటాలు పడుతున్న ఆ వయసులో ఆయనకు దొరికిన గురువుల్లో ఒకరు, వాళ్లింటికి పాలు వేసే మనిషి. పిల్లవాడి పియానో సాధన విని, ఫిలిప్ గ్లాస్ లాంటి కొత్త స్వరకర్తల రికార్డులు తెచ్చి ఇచ్చేవాడట. రిక్టర్ ఇంటర్వ్యూల్లో చాలాసార్లు చెప్పిన సంగతే ఇది. సంగీతం ఎవరి చేతి మీదుగా అందుతుందో ముందే చెప్పలేం. పాతూరులో మా వయొలిన్ గురువుగారి ఇంటి ఎదురుగా ఒక క్యాసెట్ల కొట్టు ఉండేది. లోపల మాయామాళవగౌళలో సరళీ వరసలు, బయట రెహమాన్ కొత్త పాట. రెండూ ఒకే చెవిలో పడేవి. గురువుగారు ఎన్నడూ తలుపు వేయమనలేదు. ఆయనకు నేను రుణపడి ఉన్నవాటిలో అదీ ఒకటి.

రిక్టర్ చదువు మాత్రం పూర్తిగా శాస్త్రీయ పద్ధతిలో సాగింది. ఎడింబరో విశ్వవిద్యాలయం, లండన్‌లో రాయల్ అకాడెమీ ఆఫ్ మ్యూజిక్, ఆపైన ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో లూచానో బెరియో దగ్గర శిక్షణ. బెరియో అంటే టేపు మీద ధ్వనిని కోసి అతికించి సంగీతం చేసిన తొలి తరం ఉద్దండుల్లో ఒకరు. ఆ రోజుల్లో రిక్టర్ రాసేది కూడా బాగా జటిలమైన సంగీతమే. దాన్ని వదిలేసి, మామూలు మనిషి చెవికి అందే సరళత వైపు రావడం ఆయన చేసిన మొదటి తీసివేత అనుకుంటాను. 1989లో తోటి పియానిస్టులతో కలిసి పియానో సర్కస్ అనే బృందం పెట్టాడు. ఒకే వేదిక మీద ఆరు పియానోలు. దాదాపు పదేళ్లు అందులో వాయించాడు, అదీ ఎక్కువగా ఇతరుల రచనలే. 1996లో ఫ్యూచర్ సౌండ్ ఆఫ్ లండన్ అనే ఎలక్ట్రానిక్ జంటతో పనిచేసి స్టూడియో లోతులు నేర్చుకున్నాడు. తన సొంత ఆల్బమ్ 'మెమరీహౌస్' వచ్చేసరికి 2002. అప్పటికి ఆయనకు 36 ఏళ్లు.

ఈ వయసు లెక్క నేను కుర్రాళ్లకు ప్రత్యేకంగా చెబుతాను. అంతకుముందు పదేళ్లకు పైగా ఆయన చేసిన పని రెండు సంగీతాలనూ విడివిడిగా, పూర్తిగా తన చేతుల్లోకి తెచ్చుకోవడం. బీబీసీ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో రికార్డు చేసిన ఆ మొదటి ఆల్బమ్‌ను కూడా అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2009లో మళ్లీ విడుదలయ్యాకే జనానికి బాగా చేరింది.

పేరు తెచ్చింది 2004 నాటి 'ద బ్లూ నోట్‌బుక్స్'. ఇరాక్ యుద్ధానికి నిరసనగా చేశానని ఆయనే చెప్పుకున్నాడు. అందులో నినాదాలేమీ ఉండవు. కాఫ్కా అనే రచయిత రాతల్లోని ముక్కలను టిల్డా స్వింటన్ అనే నటి మెల్లగా చదువుతుంది, పక్కన టైపురైటర్ చప్పుడు, ఆపైన తీగ వాద్యాలు. 'ఆన్ ద నేచర్ ఆఫ్ డేలైట్' అనే రచన అందులోదే. కింది స్థాయిలో ఒకే స్వరాల వరస తిరిగి తిరిగి వస్తుంటుంది, దాని మీదికి వయొలిన్ ఒక్కో మెట్టూ ఎక్కుతుంది. పల్లవి మీద సంగతులు వేసే పద్ధతి తెలిసిన చెవికి ఇది పరాయిగా అనిపించదు. ఎలక్ట్రానిక్స్‌కి పేరుపడ్డ మనిషి రచనల్లో జనం ఎక్కువగా విన్నదాంట్లో మనకు వినబడేది తీగలే, అదీ గమనించండి. అవసరం లేదనుకున్న చోట సింథసైజర్‌ను పక్కన పెట్టగలిగాడు. సినిమాలవాళ్లు దీన్ని ఎంత వాడారంటే, 2016లో 'అరైవల్' అనే సినిమా మొదట్లోనూ చివర్లోనూ ఈ రచనే ఉండడం వల్ల, ఆ సినిమాకు యోహాన్ యోహాన్సన్ చేసిన అసలు సంగీతం ఆస్కార్ పోటీకి అర్హత కోల్పోయింది. ఇప్పుడు ఏడుపు సన్నివేశం కనిపిస్తే చాలు ఈ ట్యూన్ తెచ్చి అంటిస్తున్నారు. మంచి రచనకు ఇంతకన్నా అన్యాయం ఉండదు. రిక్టర్ కూడా కొన్నిచోట్ల అడ్డు చెప్పి ఉండాల్సిందని నా అభిప్రాయం. మిగతా సినిమాలు, సీరియళ్ల సంగతి నేను వదిలేస్తాను. వాటిలో పనితనం ఉంది, కొత్తదనం తక్కువ.

నా వాదనకు ఆయువుపట్టు 2012లో వచ్చిన 'రీకంపోజ్డ్'. ఇటాలియన్ స్వరకర్త వివాల్డి నాలుగు ఋతువుల మీద రాసిన కచేరీ రచనలు 1725లో అచ్చయ్యాయి. పాశ్చాత్య సంగీతంలో అంతగా అరిగిపోయిన రచన ఇంకొకటి ఉండదేమో. చిన్నప్పుడు ప్రేమించిన ఆ సంగీతాన్ని దుకాణాల్లో, ప్రకటనల్లో, ఫోన్లో "దయచేసి వేచి ఉండండి" అన్నప్పుడు విని విని విసిగిపోయానని, మళ్లీ ప్రేమించడానికి ఒక దారి వెతుక్కున్నానని రిక్టర్ చెప్పాడు. ఆయన చేసిన పని ఏమిటంటే, వివాల్డి రాసినదాంట్లో ముప్పాతిక వంతు పక్కన పెట్టేశాడు. మిగిలిన పాతిక వంతు తీసుకుని తన రచన మొదలుపెట్టాడు.

వసంతంలో వివాల్డి రాసిన పక్షుల కూతలున్నాయి. మూలంలో అవి వచ్చి వెళ్లిపోతాయి. రిక్టర్ ఆ కూతలనే పట్టుకుని, ఒకదాని మీద ఒకటి పేర్చి, తిప్పి తిప్పి వినిపిస్తాడు. అందరికీ తెలిసిన ఆ ప్రసిద్ధమైన ఎత్తుగడను, అంటే రచన మొదలయ్యే వరసను, తీసేశాడు. నేను మొదటిసారి విన్నప్పుడు ఆ ఎత్తుగడ ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అని ఎదురుచూశాను. అది రాలేదు. రాకపోవడం వల్లే మిగిలినదంతా చెవి పెట్టి విన్నాను. శరత్తులో ఇంకా సూక్ష్మమైన పని చేశాడు. మూలం అడుగులు లెక్కగా వేస్తూ నడిచే లయ. రిక్టర్ ఆ పేజీలోకి దిగి అక్కడక్కడ స్వరాలను పీకేశాడు. దాంతో నడక ఒక పక్కకు ఒరిగి, కుంటుతూ, గంతులేస్తూ సాగుతుంది. మా స్నేహితుల్లో ఒక మృదంగం ఆయనకు ఇది వినిపిస్తే, తొడ మీద వేళ్లతో లెక్క కట్టుకుంటూ రెండోసారి పెట్టమన్నాడు. "ఇది తెలిసినోడు చేసిన పనప్పా" అన్నాడు. ఎలక్ట్రానిక్స్ ఎక్కడున్నాయని అడిగితే చాలామందికి వెంటనే దొరకవు. వయొలిన్ల కింద, చెవికన్నా ముందు గుండెకు తగిలే లోతైన మంద్ర ధ్వనిలో ఉన్నాయి. 2022లో ఇదే రచనను పాతకాలపు పేగు తీగలు కట్టిన వాద్యాలతోనూ, 1970ల నాటి మూగ్ అనే కంపెనీ సింథసైజర్లతోనూ మళ్లీ రికార్డు చేశాడు. అంటే సింథసైజర్‌కీ పాతబడే హక్కు ఉంది, దానికీ ఒక సంప్రదాయం ఉంది అని ఒప్పుకున్నట్టు.

మన దగ్గర ఫ్యూజన్ పేరుతో జరిగేది దీనికి పూర్తిగా తలకిందులు. కృతి మొత్తం ఉంటుంది, దాని మీద డ్రమ్స్, దాని మీద బేస్ గిటార్, దాని మీద ప్యాడ్. కలుపు తీయకుండా బస్తాలు బస్తాలు ఎరువు చల్లినట్టు. వేసిందేదీ పైరుకు అందదు.

ఇక్కడ పెద్దలు అడ్డుపడతారు. మహానుభావులు రాసిపెట్టినదాన్ని పీకేయడానికి నువ్వెవరు అంటారు. వాళ్లకు నేను పరాయి దేశం ఉదాహరణ ఇవ్వను. మన జిల్లా ఆయన్నే చూపిస్తాను.

రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు 1893లో అనంతపురం జిల్లా రాళ్లపల్లిలో పుట్టారు. మైసూరు మహారాజా కళాశాలలో దశాబ్దాల పాటు తెలుగు చెప్పారు. సాహిత్యమూ సంగీతమూ రెండూ లోతుగా తెలిసిన మనిషి. తిరుపతిలో అన్నమయ్య రాగిరేకుల మీద వేటూరి ప్రభాకరశాస్త్రిగారు చేసిన పని తర్వాత ఆ బాధ్యత రాళ్లపల్లివారి చేతికి వచ్చింది. తిరుమల గుడిలోని భాండాగారంలో దొరికిన ఆ రేకుల మీద సాహిత్యం ఉంది, పైన రాగం పేరు ఉంది. స్వరలిపి లేదు. 1503లో పోయిన తాళ్లపాక అన్నమాచార్యులు ఆ పాటను ఎలా పాడాడో చెప్పే ఆధారం అందులో ఏమీ లేదు. రాళ్లపల్లివారు వందకు పైగా సంకీర్తనలకు తానే వరస కట్టి, స్వరపరచి అచ్చు వేయించారు. తర్వాత నేదునూరి కృష్ణమూర్తిగారు, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్‌గారు లాంటివాళ్లు ఆ దారిలో ఎంతో దూరం వెళ్లారు.

అంటే ఇవాళ రాజంపేట దగ్గర తాళ్లపాకలో ఉత్సవానికి పాడినా, కడప రేడియోలో పొద్దున్నే విన్నా, మనం కళ్లు మూసుకుని చేతులు జోడించే ఆ బాణీలు చాలావరకు ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవి. సాహిత్యం ఐదు వందల ఏళ్ల నాటిది, బాణీ మన తాతల కాలం నాటిది. ఎవరూ దీన్ని కల్తీ అనలేదు, అనకూడదు కూడా. రాళ్లపల్లివారికి మద్రాసు మ్యూజిక్ అకాడెమీ 1974లో సంగీత కళానిధి ఇచ్చింది. రిక్టర్ చేతిలో మూలం పూర్తిగా ఉంది, ఆయన దాన్ని తగ్గించాడు. రాళ్లపల్లివారి చేతిలో మూలం సగమే ఉంది, ఆయన మిగతా సగం కట్టారు. పని వేరు, అర్హత ఒక్కటే. ఇద్దరూ తాము ముట్టుకున్నదాన్ని లోపలి నుంచి ఎరిగినవాళ్లు.

ఇక వాద్యాల శుద్ధి గురించి. మనం ప్రాణంగా చూసుకునే వయొలిన్ పాశ్చాత్య వాద్యం. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దాన్ని మన సంగీతంలోకి తెచ్చినవాళ్లలో మొదటి పేరు. ముత్తుస్వామి దీక్షితులే ఇంగ్లీషు బ్యాండు ట్యూన్లు విని వాటికి సంస్కృత సాహిత్యం కట్టి నోట్టుస్వరాలు చేశారు. హార్మోనియం మన సంగీతానికి పనికిరాదని ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా నిషేధించింది, తర్వాత కొంత సడలించింది. ఇవాళ ఏ కచేరీలో చూసినా పక్కన చిన్న పెట్టె పెట్టి తంబూరా శ్రుతి వేస్తారు. ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టెను బెంగళూరులో రూపొందించింది వేణువు వాయించే ఒక ఇంజనీరే. ఇప్పుడు ఫోన్లో యాప్ వచ్చేసింది. ఎలక్ట్రానిక్ ధ్వని మన కచేరీకి ఎప్పుడో పునాదిగా మారిపోయింది. దాని మీద కూర్చుని పాడుతూ, ఎలక్ట్రానిక్ అంటే శాస్త్రీయం కాదు అనడం నాకు న్యాయంగా తోచదు.

పెద్దల అభ్యంతరాల్లో ఒకటి మాత్రం చాలా బలమైనది. మన సంగీతానికి ప్రాణం గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం. కీబోర్డు మెట్ల మీద స్వరం నిలబడుతుంది తప్ప ఊగదు. రిక్టర్ సంగీతానికి ప్రాణం కార్డుల వరస, అంటే ఒకేసారి మోగే స్వరాల గుంపు. ఆ గుంపును తోడి కిందో, భైరవి కిందో పెడితే రాగం ఊపిరాడక చస్తుంది. గాంధారం ఊగే చోట కింద కార్డు దాన్ని కదలకుండా పట్టేస్తుంది. ఇది నూటికి నూరుపాళ్లు నిజం. అందుకే రిక్టర్ ధ్వనిని కాపీ కొట్టడం దండగ అని కుర్రాళ్లకు చెబుతాను. ఆయన ధ్వనిని కాపీ కొడితే వచ్చేది సినిమా పాట, అది మనకు ఇప్పటికే చాలినంత ఉంది. తీసుకోవలసింది ఆయన పద్ధతి. ఆయన సంగీతంలో కార్డు ఉండాలి కాబట్టి ఆయన అలంకారాలు తీశాడు. మన సంగీతంలో గమకం ఉండాలి కాబట్టి మనం తీయాల్సింది కార్డునే. కార్డు తీసేస్తే సింథసైజర్‌కి ఏం మిగులుతుంది? మంద్రం మిగులుతుంది, నాదం మిగులుతుంది, ధ్వని తాలూకు రంగు మిగులుతుంది. ఆ మూడింటితో చేయగలిగినంత పని ఉంది.

2015లో వచ్చిన 'స్లీప్' విషయంలో నా అభిప్రాయం కొంచెం మిశ్రమం. ఎనిమిదిన్నర గంటల రచన, నిద్రపోతూ వినడానికి రాసినది. డేవిడ్ ఈగిల్‌మన్ అనే మెదడు శాస్త్రవేత్తతో మాట్లాడి నిద్ర దశల గురించి తెలుసుకుని రాశాడు. లండన్ నుంచి బీబీసీ రేడియో 3లో రాత్రంతా ప్రత్యక్ష ప్రసారం చేశారు. ప్రేక్షకులకు కుర్చీల బదులు మంచాలు వేశారు. 2018లో చైనా గోడ మీద కూడా వాయించారు. ప్రపంచ పత్రికలు దీన్ని వింతగా రాశాయి. రాయలసీమ మనిషికి ఇందులో వింతేముంది? ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మలాట కళాకారులను అడగండి. ఆట తెల్లవార్లూ సాగేది. పిల్లలు తెర ముందే నిద్రపోయి, యుద్ధం వచ్చినప్పుడు లేచి చూసి, మళ్లీ పడుకునేవాళ్లు. అఖండ భజనల్లో ఒక జట్టు నిద్రపోతుంటే ఇంకో జట్టు అందుకుంటుంది, పాట ఆగదు. ఒక మే నెల ఎండల్లో మిద్దె మీద పడుకుని 'స్లీప్' మొత్తం పెట్టుకున్నాను. తెల్లవారుజామున మెలకువ వచ్చేసరికి ఒక ఆడ గొంతు మాటల్లేకుండా సాగుతోంది. కాసేపు విన్నాను, మళ్లీ నిద్ర పట్టింది. ఆ రాత్రి నాకు బాగా గుర్తుంది. కానీ పగలు కూర్చుని వింటే అందులో చాలా భాగం పలచగా ఉంటుంది. ఇంకో నష్టం కూడా జరిగింది. ఆయన వెనక బయల్దేరిన వందలమంది నాలుగు పియానో స్వరాలకు ప్రతిధ్వని పూసి "నిద్ర కోసం", "ఏకాగ్రత కోసం" అని వదులుతున్నారు. వినకుండా ఉండడానికి చేసిన సంగీతం అది. ఆ మార్కెట్‌కు దారి తీసిన బాధ్యత కొంత రిక్టర్‌కీ ఉంది.

2020 నాటి 'వాయిసెస్' మీద నాకున్న గౌరవం వేరు. 1948 నాటి మానవ హక్కుల ప్రకటనను అనేక భాషల్లో మామూలు జనం చేత చదివించి, దాని చుట్టూ సంగీతం కట్టాడు. దానికోసం ఆర్కెస్ట్రానే తలకిందులు చేశాడు. మామూలుగా ఎక్కువమంది ఉండే వయొలిన్లు ఎనిమిదికి తగ్గించి, వాటికన్నా మంద్రంగా మోగే తీగ వాద్యాలైన చెలోలు ఇరవై నాలుగు, డబుల్ బేస్‌లు పన్నెండు పెట్టాడు. లోకం తలకిందులైంది కాబట్టి వాద్యబృందమూ తలకిందులు కావాలన్నది ఆయన ఆలోచన. ఆ మంద్ర స్థాయి తాలూకు బరువు విన్నప్పుడల్లా నాకు మా జిల్లాలో ఉరుములనే తోలు వాద్యాలు గుర్తొస్తాయి. ఉరుము వాద్యం ఒక పక్క కొడతారు, ఇంకో పక్క కర్రతో రుద్దుతారు. ఆ రుద్దుడులో వచ్చే మూలుగు ఏ సింథసైజర్ మంద్రానికీ తీసిపోదు. దళిత కుటుంబాలు తరతరాలుగా కాపాడుకొచ్చిన ఆ వాద్యానికి మన శాస్త్రీయ వేదికల మీద చోటు దొరకదు. ఫ్యూజన్ చేసే కుర్రాళ్లేమో ఇంటర్నెట్లో దొరికే ఆఫ్రికా డ్రమ్ శాంపిళ్లు డౌన్‌లోడ్ చేసుకుంటారు. అనంతపురంలో కూర్చుని చేసే ఎలక్ట్రానిక్ సంగీతంలో ఉరుము లేకపోతే ఆ లోటు పూడ్చేది ఇంకేదీ లేదని నేను గట్టిగా నమ్ముతాను. వాయించిన మనిషి పేరు, అతనికి రావలసిన డబ్బు, రెండూ మొదటి రోజే రాసుకుని చేయాలి.

మా అక్క కొడుకు ఇంజనీరింగ్ చదువుతున్నాడు, లాప్‌టాప్‌లో సంగీతం చేస్తాడు. సామంత రాగం అని పేరున్న ఒక సంకీర్తన తీసుకుని, ఇంతవరకు మాకు బాణీ దొరకనిది, ఇద్దరం వరస కడుతున్నాం. వాడు తెచ్చిన మొదటి రూపంలో డ్రమ్స్, కార్డులు, వేణువు శాంపిల్, వర్షం చప్పుడు అన్నీ ఉన్నాయి. ఒక్కొక్కటే తీయిస్తూ వచ్చాను. "మామా, ఇంక తీసేదానికి ఏముంది?" అని వాడికి టెన్షన్. చివరికి తంబూరా, షడ్జం మీద నిలబడిన ఒక లోతైన సింథసైజర్ మంద్రం, వాడి గొంతు, నా వయొలిన్ మిగిలాయి. రెండో చరణంలో వయొలిన్ సాహిత్యానికి అడ్డం వస్తోందని మొన్న వాడే అన్నాడు. విని చూస్తే నిజమే, తీసేశాం. పల్లవి మళ్లీ అందుకునే చోట ఉరుము కావాలని ఇద్దరికీ అనిపిస్తోంది. శాంపిల్ వద్దనుకున్నాం. కళ్యాణదుర్గం వైపు ఒక ఉరుముల బృందం పెద్దాయనతో మాట్లాడాం. ముందు పాట వినిపించండి, ఎక్కడ మోగాలో నేను చెబుతాను అన్నాడాయన.